బాణం వీధివైపు

మిచెల్స్ ప్లెయిన్‌లో ఆగ్నేయపు గాలి లేస్తే
నిచ్చెన పట్టుకోడానికే ఒక మనిషి కావాలి.
వషీలా ఆంటీ పట్టుకుంది,
ఒక చేత్తో నిచ్చెన, ఇంకో చేత్తో తలగుడ్డ.

పదకొండు నెలలు మునిసిపాలిటీ చుట్టూ తిరిగింది.
సంతకం ఉంటే ముద్ర లేదన్నారు,
ముద్ర పడితే ఇంజనీరు సెలవన్నారు.
అన్నాళ్ళూ కప్పు మీద పలకలు
ఎండ తాగి ఊరికే కూర్చున్నాయి.

ఇవాళ కొత్త మీటరు బిగించాను.
అంకెల పక్కన చిన్న బాణం వీధివైపు తిరిగింది.
"అంటే నా ఎండ ఇప్పుడు ఎవరింట్లో ఉన్నట్టు?"
దగ్గర్లో ఎవరు వాడుకుంటే వాళ్ళింట్లో, అన్నాను.
ఎదురింటి అబ్రహామ్స్ కిటికీకేసి మూతి తిప్పింది.
"గోడ కోసం కోర్టుకెక్కినవాడికా!
సరే, కాగనీ వాడి టీ."

అంతలో కోత. వీధంతా పోయింది.
ఆమె ఇల్లూ పోయింది, మిట్టమధ్యాహ్నం,
నెత్తిమీద అంత సూర్యుణ్ణి పెట్టుకుని.
మూకుట్లో కూక్‌సిస్టర్లు సగం వేగి ఆగిపోయాయి.
"దీనికా నేను అప్పు చేసింది?"

లైను చచ్చిందంటే, అన్నాను,
ఎక్కడో స్తంభమెక్కి ఒకడు
ఉత్త తీగే కదా అని పట్టుకుంటాడు.
అప్పుడు మీ కప్పు కూడా ఊపిరి బిగబట్టాలి.

ఆమె వినడంలేదు.
నా కుడిచేతికి లేని రెండు వేళ్ళను చూస్తోంది.
అవి ఏ ఇంటి జనరేటరు తీసుకుందో
నాకిప్పటికీ తెలీదు.

పొయ్యి స్విచ్చి తనే కట్టేసింది.
స్టూలు జరిపి,
కరెంటు వచ్చేదాకా కూర్చోమంది.