కింద ఎవులు సూత్తారు

నాలుగు సరుగుడు దుంగల మీద
యాభై ఆరు నాటి ల్యాండ్‌మాస్టర్‌ని ఎత్తి నిలబెట్టి
గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా జారేను లోపలికి.
కాశీబుగ్గలో మధ్యాహ్నం.
జీడిబట్టీల పొగ రేకుల షెడ్డులోకొచ్చి కూర్చుంది.
ముక్కుకి జానెడు దూరంలో
డెబ్బయ్యేళ్ల రోడ్లు.

పైన రంగేదో కంచిలి పాత్రో గారు చెబుతారు:
మీగడ తెలుపు, అంచున మెరూన్ గీత.
కిందికి మాత్రం వంగలేదు, మోకాళ్ల నొప్పులు.
"కింద ఎవులు సూత్తారురా కామేసూ?"
"ఉప్పు సూత్తాదండి."
ఆయన నవ్వేరు. నేను నవ్వలేదు.

గీకుడు కత్తి పెడితే మొదట తారు ఊడింది.
తర్వాత మందస ఎర్రమట్టి, సోంపేట బీల నల్లమట్టి
రొట్టె విరిగినట్టు విరిగి కళ్లలో పడ్డాయి.
గుమ్మం కింద గూట్లో ఎలక కట్టుకున్న ఇల్లు,
జీడితొక్కలు, సగం కొరికిన బస్సు టిక్కెట్టు.
తిత్లీ నాడు మూడు రోజులు నీళ్లలో నానిందట.
నీళ్లు తీసేక పైన తుడిచేరు.

తుప్పు ఎర్రగా ఉంటాదని చెప్పేవాళ్లు
దాని పక్కన పడుకుని చూడలేదు.
బెల్లం రంగు ఉంటాది, పసుపు ఉంటాది,
వేలు పెడితే అప్పడంలా పటుక్కుమనే చోట
పండిన గోరింటాకు ఉంటాది.
సుత్తి పిడితో తడుతూ పోతే
మంచి రేకు గంటలా పలుకుతాది,
పోయిన రేకు దగ్గుతాది.
చెవితో విని సుద్దతో గీస్తాను.

డ్రైవరు కాళ్ల కింద, చుట్టూ దగ్గు, మధ్యలో గంట.
కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే
అరచేయంత అతుకు.
అంచులకి ఇత్తడి పోత,
ప్రతి చుక్కా కొంచెం ఎడమకి వాలి.
మా గవరయ్య మేస్త్రిది ఎడమచెయ్యి.
ఈ బండి చేసేనని ఎప్పుడూ చెప్పలేదు.
చెప్పడానికేవుంది, అతుకేస్తే అతుకు.
నన్ను మాత్రం ఒకసారి చెంప మీద కొట్టేడు,
సగం గీకి రంగేసినందుకు.

మొత్తం కోసి కొత్త రేకేస్తే పూట పని.
చుట్టూ కుళ్లింది కోసి, అతుకుని అలాగే ఉంచి,
కొత్త రేకుని దాని ఒంపులకి వంచేసరికి
రెండు రోజులు పట్టింది.
పాత్రో గారి చీటీలో ఒక పూటే రాసేను.
నా చుక్కలు కుడికి వాలేయి.

నువ్వలరేవులో మా తాత పడవలకి
జీడితొక్కల నూనె పూసేవాడు,
చిక్కగా, నల్లగా, తగిలితే బొబ్బలెక్కే నూనె.
పడవని ఇసకలో బోర్లించి
కడుపుకి మూడు చేతులు, పక్కలకి ఒకటి.
పక్కల మీద పూలూ పేరూ రాసేవాడు
వేరే ఊరి నుంచి వచ్చేవాడు. వాడికి చేపల పులుసు పెట్టేవాళ్లు.
మా తాత వేళ్ల సందుల్లో తోలు తెల్లబడిపోయింది.

ఇప్పుడు డబ్బాలు వేరు.
తుప్పుమందు తగిలితే ఎరుపు చచ్చి నల్లబడుతాది.
మర్నాడు రెడ్ ఆక్సైడ్, మళ్లీ ఎరుపే,
కానీ ఇది మనం పెట్టిన ఎరుపు.
సందుల్లో పుట్టీ వేలితోనే, బ్రష్షుకి ఆ దారులు తెలీవు.
ఆ పైన తారు నలుపు.
మోచేతి మీంచి చంకలోకి కారుతాది,
తల ఎంత తిప్పుకున్నా ఒక చుక్క చెవిలోనే పడతాది.

కొత్త కుర్రాడు దాలయ్య
గుమ్మం కింద కన్నాలు కూడా పూడ్చేసేడు.
అగ్గిపుల్లతో ఒక్కొక్కటీ పొడిపించేను.
"నీళ్లు లోపలికి ఎల్లిపోవా మావా?"
ఎల్తాయిరా. నౌపడ ఉప్పుగాలి కూడా ఎల్తాది.
బయటకి రావడానికే ఈ కన్నాలు.

గవరయ్య చుక్కల మీదా నా చుక్కల మీదా
ఒకటే నలుపు ఆరింది.
దుంగలు తీసి దింపుతుంటే
స్ప్రింగులు మూలిగి కూర్చున్నాయి.
గోనెపట్టా మీద నా వీపంత చోటు శుభ్రంగా,
చుట్టూ తారు చినుకులు.
దాలయ్య దాన్ని అవతల పారేయబోయేడు.
ఉంచరా, అన్నాను.
రేపు అంబాసిడరొస్తాది.