పిక్కలేరే వేళ్లు

పార్సిల్లో పదహారు వచ్చాయి.
అట్ట మీద విశాఖపట్నం అని ఉంది,
అంతకుముందు ఎక్కణ్ణుంచో ఆ అట్టకీ తెలీదు.
అయిదువేల రెండొందలు ఎనిమిది,
వాటి జోడీ పంతొమ్మిది నలభైమూడు ఎనిమిది.
సగానికి సగం చవక.
అక్కడే ఆగాల్సింది నేను.

పగలు కాలేజీ లేబులో బీకర్లు కడుగుతాను.
రాత్రి తొమ్మిదైతే కాశీబుగ్గలో
మా గది కిటికీలోంచి సాల్డరింగు పొగ.

మొదటి జత తక్కువ సౌండులో బాగానే పాడింది.
ఆ మాట ఒప్పుకోవాలి.
తక్కువ సౌండులో ఎవరైనా బాగానే పాడతారు.
సీరీసు బల్బు తీసేసిన ధైర్యంతో
తప్పెటగుళ్లు పెట్టి
నాబు సగం దాటించానో లేదో,
టప్.
తర్వాత వాసన.

"ఏటి కాలినాది బాబూ?"
గోడవతలి దాలమ్మ.
ఇరవై ఎనిమిదేళ్లుగా జీడిపప్పు ఏరుతోంది,
గుండు ఇటు, బద్ద అటు, నూక కిందకి.
జీడి చమురు తిని తిని
ఆమె వేళ్ల మీద గీతలు లేవు.
నెలనెలా రేషను మెషీను
మూడుసార్లు కొంగుతో తుడిచిన బొటనవేలిని
నువ్వు నువ్వు కాదంటుంది.

"సేటుందా?" అంది.
మిగిలిన పద్నాలుగూ చేటలో పోసుకుంది.
మనవరాలి జ్వరం గురించి చెబుతోంది,
కళ్లు నా వైపే ఉన్నాయి,
వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.
జ్వరం కథ అయ్యేసరికి
తొమ్మిది అటు, అయిదు ఇటు.

"ఇవి తేలిపోతన్నాయి. ఈపు నున్నగుంది,
పక్కలు గరుగ్గున్నాయి.
ఎవులో పూత పూసినారు.
ఒక్క సెట్టు పిక్కలు కావు బాబూ."

నవ్వాను నేను.
మర్నాడు లేబులోంచి ఎసిటోన్ సీసా తెచ్చాను,
అడక్కుండానే.
అయిదింటి మీద రుద్దిన దూది తెల్లగానే ఉంది.
తొమ్మిదింటి మీద రుద్దిన దూది కాటుకైంది,
పెద్ద నంబరు కరిగిపోయి
కింద నుంచి ఎవరిదో చిన్న నంబరు
సిగ్గుపడుతూ పైకొచ్చింది.

నమ్మలేక ఒకదాన్ని పట్టకారుతో పగలగొట్టాను.
లోపల నువ్వుగింజంత.
పోల్చి చూడాలిగా,
మనసొప్పకపోయినా మంచిదాన్నీ ఒకటి పగలగొట్టాను.
కందిగింజంత.

ఎలా పోల్చావు దాలమ్మా అంటే
చాలాసేపు మాట్లాడలేదు.
చేట బోర్లించి, దులిపి, గోడకి ఆనించింది.
"ఏటుంది. డబ్బా అడుగున బద్దలు పొయ్యమంటాడు సావుకారు,
పైన గుండ్లు సద్దమంటాడు.
సద్దుతాను.
పైపూత పూసినోడి సెయ్యి నాకు తెలదేటి?"

ఆ డబ్బాలు ఎవరు కొన్నారో
నేను అడగలేదు.

ఉన్న నాలుగింటితో కుడి పక్క కట్టాను.
నాబు చివరంటా తిప్పినా చలించలేదు,
తప్పెటలు గుండెల మీదే కొడుతున్నట్టుంది.
ఎడమ పక్క ఇంకా మూగే,
ఈసారి డబ్బు పోగయ్యాక చూడాలి.

తొమ్మిదిలో మిగిలిన ఎనిమిదీ
పారెయ్యబుద్ధి కాలేదు.
వాటి తప్పేముంది,
చిన్న పని చేసుకు బతికేవాటికి
ఎవరో మోయలేని పేరు పెట్టారు.
ఒకదాన్ని దాని అసలు నంబరుతోనే
గుమ్మం బెల్లులో వేశాను.

పొద్దున్న ఫ్యాక్టరీకి పోతూ
గదిలో పొగ లేదేటని చూడ్డానికి
దాలమ్మ ఆ బెల్లు నొక్కింది,
బొటనవేలితో.
ఒక్కసారికే మోగింది.