డొల్ల సప్పుడు

హన్మకొండల డాక్టరమ్మ
గోలీని తెల్లకాయితం మీద పెట్టి చూపెట్టింది.
బియ్యపు గింజంత.
"యాది ఎటూ పోదమ్మా, దాని కోర పోతది" అన్నది.
ఆరు వారాలు
గోలీ ఏసుకొని, ఆ రాత్రిని
మళ్ళ మళ్ళ చెప్పాల్నట.
చెప్పినకొద్దీ మొద్దుబారుతదట.
కింద నా సంతకం గూడ కావాల్నట.

గోదావరిఖని బస్సుల
మొగిలి నా భుజం మీద నిద్రపోయిండు.
పగలైతే పోతడు.
రాత్రి రెండుంబావుకు లేస్తడు.
మూలకున్న కర్ర తీసి
క్వార్టర్ కప్పును కొట్టి చూస్తడు,
ఈ దిక్కు, ఆ దిక్కు,
పిల్ల పండుకున్న మంచం మీద.
చెవి పెట్టి ఇంటడు.
"గట్టిగనే ఉన్నది, పండుకో" అంట నేను,
నాకేదో తెలిసినట్టు.

నేర్పిండు నాకు గూడ.
గట్టి కప్పు ఇత్తడి బిందె లెక్క ఖంగుమంటదట.
పట్టు ఇడిసిన కప్పు
పుచ్చిన గుమ్మడికాయ.
ఆ రాత్రి బాయిల ఓదెలు రెండుసార్లు కొట్టిండట.
రెండుసార్లూ గుమ్మడికాయే.
"దిమ్మెలు పెట్టినంకనే పోదాం" అన్నడట.
"టబ్బులు ఖాళీగున్నయ్, నడువుండ్రి"
అన్న గొంతు ఎవలిదో
బతికినోళ్ళల్ల ఈయనకొక్కనికే ఎరుక.

కంపెనీ కాయితంల ఒక్కటే మాట:
ఓదెలు అజాగ్రత్త.

మొన్న నల్లకాడ పోశవ్వ నా బిందె ఎత్తిపెట్టి
"నీ పెనిమిటి నిద్ర కోసం ఎల్లమ్మకు మొక్కిన" అన్నది.
వచ్చే నెల ఎంక్వైరీ అని
ఆమె అనలే. నేనూ అనలే.

కోరలు పీకిన పామును
బుట్టల పెట్టి ఆడిస్తరు.
పదిమంది చుట్టు నిలబడి
చిల్లర ఏసి పోతరు.
రేపు ఆఫీసర్ల ముంగట
చేతులు వణకకుండ, గొంతు పూడకుండ
ఈయన చెప్తే ఎవలు నమ్ముతరు?
కొత్తగ దిగే పోరగాండ్లకు
ఆ డొల్ల సప్పుడు ఎవలు నేర్పుతరు?

మరి నాకు?
పక్కల పాము కన్న
బుట్టల పామే నయం గద.
ఈ మాట పోశవ్వ ముంగట అనగలనా?

సంతకానికి ముందు ఒక్కటడిగిన:
"ఆ గొంతు ఎవలిదో నా చెవుల చెప్పు."
శానాసేపు కప్పు దిక్కే చూసిండు.
చెప్పిండు.

నిన్న రెండుంబావుకు
మెలకువైంది నాకు.
ఆయన పండుకునే ఉన్నడు.
కర్ర మూలకున్నది.
బియ్యం డబ్బల మడిచిపెట్టిన కాయితం మీద
ఇంకా ఏం రాయలే.