మంగళారం, ఆరున్నర

డిపో క్లర్కు రాసిచ్చిన చీటీ
నాలుగు దినాల సంది అంగి జేబుల నానుతున్నది.
చెమటకు సిరా పాకి
"బడి ఎనుక గది" అన్న కాడ
"గది" ఒక్కటే మిగిలింది.

పద్దెనిమిదేండ్లు స్టీరింగు పట్టినోన్ని.
దేవరకొండ నుంచి నల్లగొండకు
ఏ మలుపుల ఏ గుంత ఉన్నదో
బండి కంటే ముందు నా నడుముకు తెలుసు.
ఏ ఊర్లె ఏ కిరాణం ఎనుక
కూల్‌డ్రింకుల డబ్బా కింద సీసాలుంటయో,
తెల్లారి ఐదింటికి తలుపు కొడితే
తిట్టకుండ తీసేది ఎవరో,
అప్పు రాసుకునేది ఎవరో
అదీ తెలుసు.
ఒక్కనాడు ఎవర్నీ తొవ్వ అడగలే.

ఈ గదికి మాత్రం అడగాలె.
నోరు తెరవాలె.
డ్యూటీకి ముందు గొట్టం పెట్టి
"ఊదు" అన్ననాటి సంది
నోరు తెరవాలంటేనే భయం పట్టింది నాకు.
తెర మీద మూడంకెలు లేచినయి.
ఎనుక నిలబడ్డ కండక్టరు పిల్ల
అటు మొకం తిప్పుకున్నది.
సస్పెన్షన్ కాయితం దాని ముందర ఎంత బరువు?

గడియారం సెంటర్ల దిగిన.
వైన్స్ ముందర లైట్లు పడ్డయి.
పర్మిట్ రూం తలుపు తెరిచినప్పుడల్లా
ఉడికిన పల్లీలు, కోసిన ఉల్లిగడ్డ,
పేరు పెట్టి పిలిచినట్టే వాసన.
వణికే చేయి జేబుల పెట్టుకున్న.
జేబుల చిల్లర చప్పుడు చేసింది.

మందుల దుకాణంల అడుగుదామని పోయి
జిందా తిలిస్మాత్ కొనుక్కొని ఒచ్చిన.
జిరాక్సు పిలగాన్ని అడగబోతే
"ఎన్ని కాపీలు?" అన్నడు.
"ఒకటి" అని చీటీ ఇచ్చిన.
ఇప్పుడు రెండు చీటీలున్నయి,
తొవ్వ లేదు.

బత్తాయి బండి సైదులు గిలాసలు కడుగుతున్నడు.
పొద్దుగాల ఇంత ఉప్పేయించుకొని
రెండు గిలాసలు గటగట తాగేది ఈయన కాడనే,
వాసన సచ్చిపోతదని.
"ఏందన్నా, ఈ యాళ్లకు ఒచ్చినవు?"
చీటీ చాపిన. అసలుది కాదు, నకలు.
ఆయన చదవలే.
తడి చేతులు లుంగీకి తుడుసుకొని
"సగం బుట్ట మిగిలింది, సర్దినంక పోదాం" అన్నడు.

పో అనలే.
పోదాం అన్నడు.

"నీకెట్ల తెల్సు..."
"ఉప్పేసి రెండు గిలాసలు తాగేటోన్ని
గుర్తు పట్టకుంటే ఎట్లనే?
నేను నిమ్మకాయ నమిలేటోన్ని."

బండి నేను నూకిన.
నాలుగు చక్రాలల్ల ఒకటి ఎడమకు గుంజుతది.
ఆ మాటే చెప్పుకుంట పోయినం తొవ్వ పొడుగున,
ఇంకో మాట లేకుండ.

బడి పిల్లల బల్లలు. మోకాళ్లు పట్టలే.
బోర్డు మీద ఎవరో పదిహేడో ఎక్కం
ఏడు దాకా రాసి ఇడిచిపెట్టిన్రు.
రైసుమిల్లు హమాలీ మట్టపల్లి,
కల్లు కంపౌండ్ల గుడాలమ్మిన బుజ్జమ్మ,
ఇంకో ముగ్గురు, పేర్లు యాదికి లేవు.
పెండ్లి బ్యాండుల క్లారినెట్ ఊదే ముసలాయన లేచి
"ఈ నెల మూడు పెండ్లిళ్లు
తాగకుండ ఊదిన" అన్నడు.
"నాలుగోది?" అన్నది బుజ్జమ్మ.
"నాలుగోదాంట్ల ఓడిపోయిన.
అందుకే ఇయ్యాల జెల్దిన ఒచ్చిన."
ఎవరూ మొకం తిప్పుకోలే.

నా వంతు ఒచ్చింది.
నోరు తెరిచిన.
మాట రాలే, ఉత్త గాలి ఒచ్చింది.
గది అంతా ఆగింది.
ఏ అంకే లేవలే.
బుజ్జమ్మ చాయ్ గిలాస ఇటు జరిపి
"శక్కర ఎక్కువేసిన, తాగు" అన్నది.

తొమ్మిదింపావు బస్సు.
డ్రైవర్ ఎనుక సీట్ల కూసున్న.
కనగల్ దాటినంక
ప్రతి గుంతకాడ నా కుడికాలు
బ్రేకు తొక్కుతనే ఉన్నది,
అక్కడ బ్రేకు లేదు.