నిరోష్ఠ్యం

పెదవులు తగలకుండా పద్యం చెప్పడం
ఒక విద్య అని పదో తరగతికి చెప్పేదాన్ని.
ప ఫ బ భ మ లేకుండా
ఒక్క వాక్యం రాయండర్రా చూద్దాం, అని.
ఇప్పుడు నా ఎడమ దవడ
ఆ లెక్క నాకే ఇచ్చింది.

జ్ఞానాపురం బడి. మొదటి పీరియడ్. హాజరు పట్టీ.
దాడి హరిత. గండం గడిచింది.
కోరాడ శిరీష. ఇదీ తేలికే.
మైలపల్లి ఎర్రయ్య.
'మై' దగ్గర ఒకటి, 'పల్లి' దగ్గర ఒకటి,
చెవి ముందు నుంచి గడ్డం దాకా
వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలినట్టు.
ఇక్కడ సగం ఇంటిపేర్లు పల్లిలోనే ఆగుతాయని
ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇప్పుడే తట్టింది.

మొదట పన్నే అనుకున్నాం.
డాబాగార్డెన్స్‌లో మేడమీది డాక్టరు
చివరి దంతం తీశాడు. వారం బాగుంది.
తర్వాత దాని పక్కది.
మూడోదాన్ని నేనే వేలు పెట్టి చూపించాను.
దూదిలో చుట్టి ఇస్తే ఇంటికి తెచ్చి
ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూశాను.
ఎక్కడా నలుపు లేదు.
చెరుకు చీల్చిన పన్ను.

కేజీహెచ్‌లో చీటీ పట్టుకుని నాలుగు గంటలు.
నా శిష్యురాలి వయసు డాక్టరమ్మ
దూదిపోగుతో చెంప తాకింది.
కుర్చీ చెయ్యి విరిగేలా పట్టుకున్నాను.
"ఇది నరం అండీ."
మరి పీకినవి?
"మొదలు పన్నే అయ్యుండొచ్చు. ఒకటే వీధి కదా,
ఏ ఇంట్లో కేకేసినా అందరూ లేస్తారు.
ఏది ముందో చెప్పలేను."
చెప్పలేనందనే నమ్మాను.

మాత్రలు లెక్కపెట్టడం నాకు కొత్త కాదు.
ఇవి మింగాక మాత్రం
గురువేదో లఘువేదో అంతా ఒకటే తూగు.

జూన్ ఉక్కలో మఫ్లర్ చుట్టుకుని బస్సెక్కుతాను.
కోస్టల్ బాటరీ మలుపులో
అందరి ముఖాలూ సముద్రం వైపు, నాది సీటు వైపు.
"జలుబా అమ్మా?" కండక్టరు.
తలూపుతాను. జలుబులోనూ 'బు' ఉంది.

నొప్పి, బాధ, మంట, పోటు, సలుపు:
ఒక్కటీ పెదవులు కలవందే పలకదు.
ఈ భాష కూర్చినవాళ్ళకి
దవడలు భేషుగ్గా ఉండుంటాయి.
నాకు మిగిలింది 'అయ్యో' ఒక్కటే.

ఇరవై మూడో నెంబరు. బోర భీమేశు.
మూడు దెబ్బల పేరు. ఊపిరి బిగబట్టాను.
వాడు పిలవకుండానే లేచాడు:
"ఉన్నానండి."
వెనకవాడూ లేచాడు. వాడి వెనకదీ.
నాలిక ఖాళీ చిగురు దగ్గరే తచ్చాడుతోంది,
తప్పు చెయ్యకుండా ఖాళీ చేసినవాళ్ళ గుమ్మంలో.
నేను టిక్కులు పెట్టుకుంటూ పోయాను.

ఆ రోజు బడికి రాని నూకరాజుకి కూడా
ఎవడో గొంతు మార్చి "ఉన్నానండి" అన్నాడు.
వాడికీ పెట్టాను.