తరుగు

గాలి పడమటికి తిరిగిందాకా ఆగమంటాడు.
ఇటు కొడితే పొగ మనింట్లోకి,
అటు కొడితే పక్కింటివాళ్ల దూడ మీదికి.
అందుకే నరసన్నపేట బజారులో షట్టర్లన్నీ దిగాక
పెరట్లో, బోరింగు పక్కన,
గాజు బీకరు ముందు పెట్టుకుని కూర్చుంటాను.
ముక్కుకి పొందూరు గుడ్డ మడత,
చేతులకి లైన్‌మన్ కుర్రాడిచ్చిన రబ్బరు తొడుగులు.

ఆయన గడప మీద ఉంటాడు.
పేరు నేను పలకను. పాత బోర్డు మీద ఉంది,
లక్కోజు త్రినాథాచారి, నగలు చేయబడును.
ముప్పై ఏళ్లు మంటలోకి చూసిన కళ్లు
ఇప్పుడు నా నోటితో చూస్తాయి.
"రంగేటొచ్చింది?"

బీకర్లో ఏముందంటే,
జత తప్పిన దుద్దు ఒకటి,
వంగిన ముక్కుపుడక, తెగిన గొలుసు కొక్కెం,
ఆకురాయి రాల్చిన పొడి.
ఆయన కూర్చున్న చాపని కాల్చిన బూడిద.
కాళ్ల కింది గోనె బూడిద.
చేతులు కడుక్కున్న కుండ అడుగున మడ్డి.

"రంగేటే?"
ఎర్రపొగ లేచింది,
మిరపగింజలు మాడిన కమురుకన్నా ఘాటు.
గోడవార కనకాంబరం పోయినసారే చచ్చిపోయింది,
పేరులో కనకం ఉన్న పాపానికేమో.
పొగ తగ్గాక ద్రావకం
జీడిమామిడి పండు పిండినట్టు పసుపు.
"అడుగున తెల్లగా విరిగిందా?"
విరిగింది, పాలు విరిగినట్టు.
"అది వెండి. ఎండలో పెట్టీకు, మొహం నల్లగా పెట్టుకుంటాది."
వెండి మాటెత్తితే చాలు
చిన్న మరదల్ని తలుచుకున్నట్టు నవ్వుతాడు.

నన్నడిగితే బంగారం అందమంతా ఇక్కడే,
కనబడని చోట.
పసుపు నీళ్లలో ఉంది. చెయ్యి పెడితే చెయ్యి పోతుంది.
ఉందని నమ్మి కూర్చోవాలి.

అన్నభేది నీళ్లు చుక్కచుక్కగా వదిలాను.
"ఎవరికమ్మా, రక్తం పట్టడానికా?" అన్నాడు అమ్మిన కొట్టాయన.
ఔనన్నాను.
నీరు మసకబారింది.
తెల్లారేసరికి అడుగున
చోడిపిండిలాంటి మట్టి.
మొదటిసారి పాడయిపోయిందనుకుని
తూము దాకా మోసుకెళ్లాను.
"పారబొయ్యకే, అదే అది!"
ఆయన గొంతులో అంత భయం
కళ్లు పోయిన రోజున కూడా వినలేదు.

ఏడు నీళ్లు మార్చి కడిగాను.

తల్లి ముక్కుపుడకలోనూ కాజేస్తాడంటారు కంసాలి.
గార మాచమ్మకి పట్టెడ చేసిన ఏడాది
అరగ్రాము తగ్గిందని
నడిబజారులో ఈయన చొక్కా విప్పించారు.
మొలతాడు దాకా తడిమి చూశారు.
తరుగండీ, తరుగు, తరుగంటూనే ఉన్నాడట.
నాకు చెప్పింది ఆయన కాదు,
చొక్కా తెచ్చిచ్చిన టీకొట్టు పిల్లాడు.

ఆ తరుగు ఇదిగో.
చాప ఈనెల్లో దూరింది, గోనె పోగుల్లో దాక్కుంది,
ఆయన గోళ్లలోంచి కుండ నీళ్లలోకి దిగింది.
మాచమ్మది ఏ రవ్వో
ద్రావకాన్నడిగితే చెబుతుందా.

మూసలో వేసి, వెలిగారం చల్లి, ఊదాను.
మట్టి వెలగడం ఒక్క రెప్పపాటు.
రెప్ప వేశానేమో, నేను చూడలేదు.
కందిగింజకన్నా కాస్త పెద్దది
మూసలో దొర్లి ఆగింది.

కాటా రెండుంబావు చూపించింది.
ఒకటీ ముప్పావు, అన్నాను.
ఆ మిగతా అర చెబితే రేపు పొద్దున్నే
నన్ను గార బస్సెక్కిస్తాడు,
మాచమ్మ మనవలెవరైనా ఉన్నారేమో కనుక్కోమని.
మందుల చీటీ అలాగే ఉంది అలమరాలో.

చెయ్యి చాపాడు. పెట్టాను.
ఆ అరచేతికి వడ్లగింజ తేడా తెలుస్తుంది.
అటూ ఇటూ దొర్లించాడు.
పక్కింటి దూడ ఒకసారి అరిచింది.
"తరుగు పోయిందా?"
పోయింది.
గుప్పిట మూశాడు.
"నీక్కూడా వచ్చీసిందే పని."
కాసేపటికి మళ్లీ,
"చేతులు కడుక్కో.
ఆ నీళ్లు మాత్రం పారబోసీకు."