వరుత్తం

మూడోసారి వచ్చింది తవమణి.
ఎగ్మూరు, రెండో అంతస్తు, లిఫ్టు పనిచేయని బుధవారం.
మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కొచ్చి
కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే చేయి చాచింది
గాజులవాడి ముందు చాచినట్టు.

"ఎడమచేతి నరం మంచిది తంబీ, కుడిది దొరకదు."
నాకు తెలుసు. రెండుసార్లు వెతికాను.

మొదటిసారి చక్కెర ఎక్కువని వెనక్కి పంపారు.
రెండోసారి అన్నీ సరిగ్గానే ఉన్నాయి,
విమానమే రాలేదు.
ఆరు నెలలు దాటితే పరీక్ష కాగితం చెల్లదట.
"నాకంటే ముందు అదే పోయింది" అని నవ్వింది,
పుళల్ క్యాంపు నుంచి రెండు బస్సులు మారి,
రాత్రి తొమ్మిది నుంచి మంచినీళ్లు తప్ప ముట్టని మనిషి.

ఆమె ఇన్సులిన్
వీధి చివర అంగట్లో, కూల్‌డ్రింకుల పెట్టెలో
గోళీసోడాల వెనక ఉంటుంది.
రోజుకి రెండు రూపాయల అద్దె.
కరెంటు పోయిన రాత్రి
దాన్ని తెచ్చి తడి ఇసుక కుండలో దాస్తే
మనవడు నిరోజన్ అట్టముక్కతో విసురుతూ కూర్చుంటాడట,
మందుకి జ్వరం రాకూడదని.

కుడికాలి చిటికెనవేలు
పోయినేడు స్టాన్లీ ఆసుపత్రిలో తీసేశారు.
"దాని జాతకం మంచిది.
నాకంటే ముందే ఇక్కడ స్థిరపడింది.
ఇక దాన్ని ఎవరూ కదలమనరు."
ఏమనాలో తెలియక
రబ్బరు పట్టీ ఇంకొంచెం బిగించాను.

ఫారంలో ఒక గడి: జబ్బు ఎప్పటినుంచి?
నా సూళ్లూరుపేట తమిళంలో అడిగాను.
ఆమె తన తమిళంలో తిరిగి అడిగింది:
"వరుత్తమా? ఏ వరుత్తం?"

మద్రాసులో వరుత్తమంటే దుఃఖం.
ఆమె ఊళ్లో జబ్బునీ అదే మాటతో పిలుస్తారు.
అది తెలియక మొదటిసారి నేను రాసుకున్న జవాబు
పాత ఫైల్లో ఇంకా ఉంది:
"పడవ ఎక్కినప్పటి నుంచి. ఎక్కింది పదకొండు మంది.
దిగింది తొమ్మిది."
డాక్టరమ్మ దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి
పక్కన రాసింది: షుగరు, సుమారు పంతొమ్మిదేళ్లు.

నాకు తెలిసిన శాస్త్రం చిన్నది.
ఎర్రకణం మూడు నాలుగు నెలలు బతుకుతుంది,
ఎదురైన తీపినంతా ఒంటికి పూసుకుని.
అడిగితే ఆ మూడు నెలల సంగతీ చెబుతుంది, అబద్ధమాడదు.
అంతకు ముందుది దానికి తెలియదు.
ఇవాళ నేను తీసిన నెత్తుట్లో
పడవని చూసిన కణం ఒక్కటీ లేదు.
మరి చూసిందేదో
నా సూది అందని చోట ఉంది.

నేను రోజూ ఏడింటి లోకల్లో తడ దాటి వస్తాను.
అడిగేది సీజన్ టికెట్టొక్కటే, అదీ ఎప్పుడో.
నీ నెత్తుట్లో ఏముందని ఏ గుమ్మమూ నన్ను ఆపలేదు.
(నాన్నకి ఉంది. నాకూ ఉండొచ్చు.
నలభై దాటాక చూసుకుందామని వాయిదా వేస్తున్నాను.
ఇష్టమొచ్చినట్టు వాయిదా వేసుకోవడం
ఎంత పెద్ద ఆస్తో ఈ బల్ల దగ్గరే తెలిసింది.)

ఊదామూత గొట్టం మీద పేరు, తారీఖు అంటించాను.
దూది అదిమిపట్టుకుని, సంచిలోంచి
రెండు బిస్కెట్లు తీసి, ఒకటి నాకిచ్చి అడిగింది:
"కెనడాలో మందు పెట్టుకోవడానికి
దగ్గర్లో సోడా అంగడి ఉంటుందా తంబీ?"

ఇంటికో ఫ్రిజ్జు ఉంటుందమ్మా, అన్నాను.

చాలాసేపు ఆలోచించింది.
"పెట్టె పెట్టె మాకేనా?
అంత దాంట్లో
ఇంకేం పెడతాం?"

గొట్టం నా అరచేతిలో
ఇంకా వెచ్చగా ఉంది.